కొత్త బీరువాకు పాత చేతులు

కరకంబాడి రోడ్డులో మా షెడ్డు.
రేకుల కింద తుమ్మితే రంపంపొట్టు లేస్తాది.
ముప్పై ఏండ్లుగా నాది ఒకటే పని,
కొయ్యకు ఆఖరి చర్మం తొడిగేది.

దస్తగిరి మేస్త్రి నేర్పించినాడు.
ముందు ఎనభై నెంబరు ఉప్పుకాగితం,
ఆ మీద నూటిరవై, ఆ మీద రెండొందలిరవై.
ఈనె పోకనే రుద్దాల మొగిలమ్మా,
అడ్డంగా రుద్దితివా, ఆ గీత
వార్నీషు కింద పండుకోని
నీ మనవరాళ్ల పెండ్లి దాకా నిన్ను చూసి నవ్వతాది.

చపడాలక్క రేత్రే స్పిరిట్‌లో నానేసేది.
తెల్లారి పాతపంచె గుడ్డలో దూది మూటగట్టి
ఎనిమిదంకె దిద్దినట్టు తిప్పతా పొయ్యేది.
చెయ్యి ఆగిందా, ఆడ్నే మచ్చ.
మబ్బు పట్టిన దినం పూస్తే
తెల్లగా పొగ కమ్మేస్తాది లక్కంతా.
అందుకే మేస్త్రి పొద్దున్నే కొండకల్లా చూసేవోడు.
అందరూ మొక్కను చూస్తే
ఆయన తేమ చూసేదానికి.

రోడ్డున బస్సులు పోతాంటాయి,
కిటికీలనిండా గుండ్లు, తడిగంధం పూతతో.
ఒకటే కోటింగు, అనుకుంటా.
అంచుల్లో పలచన, నడినెత్తిన దిట్టం.
ఇంగో చెయ్యి పడుంటే బాగుండు.

మొన్న బెంగుళూరు నుంచి డిజైనరమ్మ వచ్చింది.
రబ్బరుకొయ్య బీరువా, తెల్లపెయింటు,
ఇంకా వాసన గూడా పోలేదు.
"నూరేండ్లది మాదిరి ఉండాల" అనింది,
"ఆడాడ పెయింటు లేపండి, గీతలు రానీండి."
గీతలు మాపి మాపి బతికినదాన్ని నేను.

పిల్లోళ్లు సైకిల్ చైన్లు తెచ్చి
ఒక తలుపును బాదేసినారు, నవ్వుకుంటా.
దూరంగా నిలబడి చూసినా.
దెబ్బలు తిన్నట్టుంది గానీ
బతికినట్టు లేదు.

మళ్లా లప్పం పెట్టి, మళ్లా రంగేసి,
ఆ సాయంత్రం దాని ముందర ఒకతే కూచున్నా.
కొయ్య తనంతట తాను అరగదు.
ఎవురో ఉండాల.

ఎడమచేతి వాటం మనిషి అనుకున్నా.
తలుపు తీసేటప్పుడు ఆమె బొటనవేలు
పిడికి ఎగవన ఆనతాది, ఈడ.
బొడ్లో తాళాల గుత్తి
బీగం కింద ఊగి ఊగి అర్ధచంద్రం గీస్తాది.
కింది అంచు పట్టుకోని నడక నేర్చినోడొకడు,
వాడి పండ్లగాట్లు గూడా రెండు పెట్టినా.
కాళ్లకు జానెడెత్తున చీపురు తగిలిన చోటు.
అన్నిటికన్నా బాగా అరిగింది లోపలి సొరుగు,
నెలాఖరున ఊరికే తీసి మూసే సొరుగు.
తల ఆనించుకునే చోటు ఎంతెత్తో తెలీక
నా తలే ఆనించినా.

నాకు బీరువా లేదు.
పదకొండు అద్దిండ్లు మారినాం,
మంగళంలో రెండు, కొర్లగుంటలో మూడు,
ఏ గడపా నా చేతికి అరిగేంత కాలం ఉండనియ్యలే.
అరిగింది నా చెయ్యే.
రేషన్ షాపు మిషను
నా బొటనవేలు చదవదు.
"తుడిచి పెట్టమ్మా" అంటాడు,
తుడిచి తుడిచే గదప్పా ఇట్లయింది!

డిజైనరమ్మ వచ్చి చెయ్యి పెట్టి చూసింది.
నేననుకున్న చోటే పెట్టింది,
కుడిచెయ్యి గాబట్టి కొంచెం వంకరగా.
"ఇది ఎవురింట్లోదీ?" అనేసి
తనే నవ్వుకునింది.

ఆఖరి మాట ఇంగొకటి చెప్పి పోయింది.
అరిగిన చోట్లకంతా మ్యాట్ లాకరు కొట్టాల,
రెండు కోట్లు.
ఇంగ అరగకుండా.

కొట్టినా. స్ప్రేగన్ను ఆపకుండా,
చెయ్యి ఆగకుండా, మేస్త్రి చెప్పినట్టే.
ఇంగ ఎవురు తాకినా ఆ తలుపుకు తెలీదు.

లారీ ఎక్కించేటప్పుడు చూసుకున్నా,
గోడకల్లా ఉండే వీపు కొత్తగానే మిగిలిపోయింది.
పోనీలే, ఆడికి ఎవురి చెయ్యి పోతాది.

ఒకటో తేదీ. వరసలో నిలబడినా.
నాకు ముందర నలుగురు.
కొంగుతో వేలు తుడుచుకుంటా ఉండా.